సముద్రం పక్కనే అడవి: ఖావో లక్ నుంచి చియెవ్ లాన్ సరస్సుకు

శనివారం సాయంత్రం, బాంగ్ నియాంగ్ బజారు

థాయ్‌లాండ్‌లోని ఖావో లక్‌లో సముద్రానికి వంక పెట్టడానికేం లేదు. కానీ ఎంతసేపని చూస్తాం? పొద్దున స్నానం, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం మళ్లీ స్నానం. మావాడు ఇసుకలో ఆడటం మానేసి ఫోన్ అడగడం మొదలుపెట్టాడు. అత్తయ్యయితే వచ్చిన పూటే తేల్చేశారు, "ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడానికా ఇంత దూరం?" అని.

ఈ ఊరి సౌకర్యం ఏమిటంటే ఒక పక్క అండమాన్ సముద్రం, రోడ్డు దాటితే అడవి కొండలు. అందుకే హోటల్ లాబీలో, మందుల షాపు గుమ్మంలో, చివరికి బట్టలుతికే కొట్టు బల్ల మీద కూడా 'జంగిల్ అడ్వెంచర్' కరపత్రాలే. బీచ్‌కి వచ్చి విసుగెత్తినవాళ్ల కోసమే కాచుక్కూర్చున్నట్టు ఉంటాయి.

బజారుకు వెళ్లేముందు, పెద్ద రోడ్డుకు అవతలి పక్కనున్న పోలీసు పడవ చూశాం. దాని నంబరు 813. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అది సముద్రంలో కాపలా కాస్తోంది. అల దాన్ని ఎత్తి తెచ్చి కిలోమీటరుకు పైగా లోపల పడేసింది. దాన్ని అలాగే జ్ఞాపకచిహ్నంగా ఉంచేశారు. అక్కడ నిలబడితే ఎటు చూసినా సముద్రం కనబడదు. మావాడు ఒకసారి పడవ వైపు, ఒకసారి రోడ్డు వైపు చూసి, ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

బజారులో ముందు తిండి సంగతి. అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. ఇక్కడ నీచు లేని వంటకం దొరకడం కష్టం కాదు గానీ, 'కూరగాయలే' అని పెట్టినదాంట్లో కూడా చేపల పులుసులాంటి ఉప్పునీళ్లు పోస్తారు. ఆ సీసా లేకుండా వాళ్లకు వంట సాగదు. 'జే' అంటే పూర్తి శాకాహారం అని అర్థమవుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటే ఆ కొట్టు మనకు పనికొచ్చేదే. ఆ సాయంత్రం అలాంటిది దొరకలేదు గానీ, తలకు గుడ్డ చుట్టుకున్న ఒకావిడ రోటీలు వేస్తోంది. పిండిముద్దను గాల్లో తిప్పి తిప్పి ఉల్లిపొరంత పల్చగా చేసి, పెనం మీద వేసి, అరటిపండు ముక్కలు పరిచి మడుస్తోంది. గుడ్డు కొట్టబోతుంటే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టారు. ఆవిడ నవ్వి, గుడ్డు పక్కన పెట్టేసి, పైన పాలకోవా నీళ్లలాంటిది ధారగా పోసి ఇచ్చింది. 50 బాట్లు. బాట్ మన రెండున్నర రూపాయల పైమాటే కాబట్టి ఒక రోటీకి చవకేం కాదు. అయినా అత్తయ్య ఇంకొకటి చెప్పారు.

టూర్ల బల్ల దగ్గర రెండు రకాలు చూపించారు. ఒకటి 'అన్నీ ఒకే రోజులో': ఏనుగు సవారీ, వెదురు తెప్ప, జలపాతం, కోతుల గుడి, తాబేళ్లు. రెండోది ఖావో సోక్ నేషనల్ పార్కులోని చియెవ్ లాన్ సరస్సు, పడవ, అడవిలో నడక, గుహ. మావాడికి ఏనుగు కావాలి. ముందురోజు రోడ్డు పక్కన ఒక ఏనుగుల క్యాంపు కనబడితే ఆగి చూశాం. వీపు మీద ఇనుప కుర్చీ, ముందుకాలికి గొలుసు, ఎండలో తల అటూ ఇటూ ఊపుతూ నిలబడి ఉంది. అది ఆనందంతో ఊగడం కాదని వాడికి చెప్పాం. కాసేపు ముఖం మాడ్చుకుని ఒప్పుకున్నాడు.

బేరమంతా కాలిక్యులేటర్ మీదే. అమ్మాయి ఒక అంకె కొట్టి మా వైపు తిప్పుతుంది, మా ఆయన ఇంకో అంకె కొట్టి ఆమె వైపు తిప్పుతారు. ఒక్క మాట లేదు, ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. పెద్దవాళ్లకు తలకు 2,800 బాట్లు, పిల్లాడికి 1,900 దగ్గర తెగింది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పార్కు టికెట్ అందులో కలిసిందా లేదా అని. విదేశీయులకు 300 బాట్లు. కొన్ని టూర్ల వాళ్లు తక్కువ రేటు చెప్పి, దాన్ని రేవు దగ్గర విడిగా వసూలు చేస్తారు.

ఆదివారం పొద్దున్న, రచ్చప్రఫా రేవు

వ్యాన్‌లో మాతోపాటు ఒక జర్మన్ ముసలి దంపతులు, ఇద్దరు స్వీడన్ అమ్మాయిలు. గైడ్ నలభై ఏళ్లవాడు, సరస్సు డ్యామ్ కింది ఊరివాడే. ఎక్కగానే అత్తయ్యకు చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. అక్కణ్ణుంచి ఆవిడ అతన్ని "బాబూ" అనే పిలిచారు, అతనూ పలికాడు.

సరస్సు ఒడ్డున రచ్చప్రఫా రేవులో పడవలు వందల్లో ఉన్నాయి. టికెట్ గది దగ్గర స్థానికులకో రేటు, మనకో రేటు. వెనక ఎవరో సణుగుతుంటే అత్తయ్య "తాజ్‌మహల్ దగ్గర మనం చేసేది అదేగా" అన్నారు. అది తర్జుమా చేసి చెబితే జర్మన్ పెద్దాయన ఒప్పుకున్నాడు.

పడవ పొడుగ్గా, సన్నగా ఉంటుంది. వెనక ఒక కారు ఇంజన్ బిగించి, దానికి మూడు నాలుగు మీటర్ల ఇనుప కడ్డీ, చివర పంకా. పడవ నడిపేవాడు ఆ కడ్డీ మొత్తాన్ని ఒంటిచేత్తో పైకెత్తి, దించి, పక్కకు తోసి తిప్పుతాడు. లోతు తక్కువైన చోట మోకాలితో పిడిని నొక్కితే పంకా నీళ్లలోంచి పైకి లేస్తుంది. ముందు కొమ్ముకు రంగు రంగుల గుడ్డలు, పూలదండ. మావాడు ఆ కొమ్ము మీదుగా ఎక్కబోతే పడవవాడు గబుక్కున వచ్చి భుజం పట్టుకుని పక్కకు తిప్పాడు. కోపం లేదు గానీ గట్టిగానే తిప్పాడు. పడవను కాపాడే అమ్మవారు అక్కడ ఉంటుందట, కాలు పెట్టకూడదు. అత్తయ్య వెంటనే కొమ్మును తాకి కళ్లకద్దుకున్నారు. ఆ తర్వాత పడవవాడు ఆవిణ్ణి నీళ్లు చిందని చోట, నీడలో కూర్చోబెట్టాడు. మమ్మల్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు, తడిసిపోయాం.

సరస్సు మధ్యలో

నీళ్లు ఆకుపచ్చ. సున్నపురాయి కొండలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. రాయి తెల్లగా కనిపించే చోట కూడా ఏదో ఒక చెట్టు వేళ్లతో వేలాడుతూనే ఉంది. కొన్ని శిఖరాలు 900 మీటర్లు దాటతాయి.

మూడు రాతి స్తంభాలు నీళ్లలోంచి లేచిన చోటు ఒకటుంది. పోస్టర్లన్నిటి మీదా అదే ఫొటో. మేం వెళ్లేసరికి పడవలు లైన్ కట్టి ఉన్నాయి. ఒక్కో పడవ ముందుకొస్తుంది, అందరూ ఒకరి తర్వాత ఒకరు లేచి చేతులు చాచి ఫొటో దిగుతారు, పడవ తప్పుకుంటుంది. ఇంజన్ల మోతలో ఒకరి మాట ఒకరికి వినబడలేదు. మేమూ దిగాం. ఆ ఫొటోలో నా జుట్టు తప్ప ఏమీ లేదు.

కరపత్రంలో ఉన్నవాటికీ నాకు గుర్తుండిపోయినవాటికీ పెద్దగా సంబంధం లేదు. అక్కణ్ణుంచి గైడ్ ఏదో సైగ చేస్తే పడవ ఒక సన్నటి పాయలోకి తిరిగింది. ఇంజన్ ఆపేశారు. ఒక్కసారిగా చెవులు తెరుచుకున్నాయి. ముందు కీచురాళ్లు. తర్వాత పైన ఎవరో పెద్ద విసనకర్రతో విసురుతున్నట్టు హుష్ హుష్ మని శబ్దం. హార్న్‌బిల్ రెక్కల చప్పుడు అది. పిట్ట కనబడకముందే చప్పుడు వినబడుతుంది. ఒడ్డున ఉన్న చెట్టులో కొండముచ్చులు, కళ్ల చుట్టూ కళ్లజోడు పెట్టినట్టు తెల్లటి వలయాలు. ఒక తల్లి పొట్టను పట్టుకున్న పిల్ల మాత్రం ముదురు పసుపురంగు. పుట్టినప్పుడు అలాగే ఉంటాయట, పెరిగేకొద్దీ బూడిదరంగు వస్తుందట. ఫోన్‌కు సిగ్నల్ లేదు కాబట్టి మావాడు కూడా తలెత్తే ఉన్నాడు.

నీళ్లలో అక్కడక్కడా ఎండిన మొద్దులు నిలబడి ఉన్నాయి. అవేమిటని అత్తయ్య అడిగారు. మునిగిన అడవి పైకొసలు అవి. ఇక్కడ ముందు సరస్సు లేదు. క్లాంగ్ సేంగ్ నది మీద 94 మీటర్ల ఎత్తున డ్యామ్ కట్టారు. అది 1987కల్లా పూర్తయింది. లోయ నిండింది, కొండ కొమ్ములు ద్వీపాలయ్యాయి. నీళ్లు పెరుగుతుంటే జంతువులు ఆ కొమ్ముల మీద చిక్కుకుపోయాయి. వాటిని బయటికి తెచ్చే పని సూబ్ నాఖాసథియెన్ అనే అటవీ అధికారికి అప్పగించారు. ఆయన బృందం పడవల్లో తిరిగి 1,364 జంతువుల్ని పట్టి తెచ్చింది. వాటిలో చాలా బతకలేదు. ఆ తర్వాత ఆయన కొత్త డ్యామ్‌లకు వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడాడు. 1990 సెప్టెంబరు 1న, హువాయ్ ఖా ఖేంగ్ అడవిలో అధికారిగా ఉండగా ప్రాణం తీసుకున్నాడు. మరుసటి ఏడాదే ఆ అడవి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. గైడ్ ఇదంతా గొంతు మార్చకుండా చెప్పాడు. అతను ఏటా సెప్టెంబరు 1న ఉపవాసం ఉంటాడట. ఎవరూ ఉండమని చెప్పలేదట.

అత్తయ్య అడిగింది జంతువుల గురించి కాదు. "మరి ఊళ్లు?" అన్నారు. ఆవిడ పుట్టిల్లు శ్రీశైలం ముంపులో పోయింది. మా ఆయన తర్జుమా చేశారు. గైడ్ వెనక్కి తిరిగి నీళ్ల వైపు వేలు చూపించాడు. చియెవ్ లాన్ అన్నది అక్కడ ఉన్న ఊరి పేరే. వాళ్ల తాతది ఆ ఊరే. కిందికి తరలించి భూమి ఇచ్చారు, రబ్బరు వేసుకున్నారు.

"ఇచ్చింది చేతికందిందా, కాగితం మీదేనా?"

గైడ్ నవ్వాడు. కొందరికి త్వరగా అందిందట, కొందరికి ఆలస్యమైందట. "తాత మాత్రం చచ్చేదాకా పడవెక్కలేదు" అన్నాడు. అత్తయ్య తలూపి, సంచిలోంచి జంతికలు తీసి అతని చేతిలో పెట్టారు.

తేలే ఇళ్లు, భోజనం

భోజనం నీళ్ల మీద తేలే వెదురు గుడిసెల దగ్గర. దుంగల మీద కట్టిన నడవా, మనం నడుస్తుంటే కిందికీ పైకీ ఊగుతుంది. చాపలు పరిచి, మధ్యలో పళ్లేలు పెట్టారు. వెల్లుల్లి వేసి నిలువునా వేయించిన పెద్ద చేప, మాసమన్ అనే థాయ్ కూర, క్యాబేజీ వేపుడు, అన్నం, పుచ్చకాయ. చేప చర్మం అప్పడంలా పెళపెళ్లాడింది. మావాడూ వాళ్ల నాన్నా కలిసి ముల్లు మిగిల్చారు.

క్యాబేజీలో పడింది చేపల ఉప్పునీళ్లే. గైడ్ ముందే చెప్పాడు కాబట్టి వంటావిడ అత్తయ్యకు విడిగా తోటకూర కాడల్లాంటి ఆకుకూర, వెల్లుల్లి, ఉప్పు మాత్రం వేసి చేసిచ్చింది. అత్తయ్య దాంతోపాటు సీసాలోంచి కందిపొడి తీసి అన్నంలో కలిపారు. వంటావిడ వచ్చి పక్కన చతికిలబడింది. ఒక చిటికెడు అరచేతిలో వేసుకుని వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, గైడ్‌ని ఏదో అడిగింది.

"ఇందులో ఏ చేప వేశారు అంటోంది."

అత్తయ్య నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకున్నారు. పప్పు, మిరపకాయలు, జీలకర్ర, అంతే అంటే వంటావిడ నమ్మలేదు. అన్నం తెచ్చుకుని కలిపి తిని, అప్పుడు కూడా ఎండురొయ్యలేవో ఉండే ఉంటాయన్నట్టు చూసింది. సగం సీసా అక్కడే ఉండిపోయింది.

అడవి, గుహ

మేం నిజానికి చూడాలనుకున్నది నామ్ తలు అనే గుహ. నీళ్లలో నడుచుకుంటూ ఒకవైపు దూరి మరోవైపు బయటికొచ్చే వీడియోలు చూసి వచ్చాం. గైడ్ అడ్డంగా తలూపాడు. దాంట్లో కొన్నిచోట్ల ఈదాలి, పెద్దావిడ, పిల్లాడు ఉన్నారు కాబట్టి కుదరదన్నాడు. 2007 అక్టోబరులో వాన ముంచుకొచ్చి ఆ గుహలో వరద పడింది. పర్యాటకులు, గైడ్‌లు కలిపి 8 మంది చనిపోయారు. బయట వాన ఎక్కడో కొండ మీద పడుతుంది, లోపలున్నవాళ్లకు తెలియదు. అందుకే వానాకాలంలో దాన్ని మూసేస్తారు. స్వీడన్ అమ్మాయిలు ఇంకా బతిమాలుతుంటే అతను మాట మార్చి చెప్పులు చూపించమన్నాడు. ఒకామె కాళ్లకున్నవి బీచ్ చెప్పులు. చర్చ అక్కడితో ముగిసింది.

వెళ్లింది పకరంగ్ గుహకు. పడవ దిగి అడవిలో కొంత నడక, తర్వాత లోపలున్న ఇంకో నీటి మడుగు మీద వెదురు తెప్ప. నడక పెద్ద దూరం కాదు గానీ ఎర్రమట్టి, వేళ్లు, గాలి లేని ఉక్క. పది అడుగులకే చొక్కాలు తడిసి ఒంటికి అతుక్కున్నాయి. జనవరి కాబట్టి జలగల బెడద లేదు.

ఒకచోట మా ఆయన చొక్కా పట్టుకుని ఎవరో లాగినట్టయింది. పేము తీగ. దాని కొసన సన్నటి కొరడాలాంటిది వేలాడుతుంది, వెంట్రుకంత ముళ్లు, అన్నీ వెనక్కి వంగి ఉంటాయి. ముందుకు లాగితే ఇంకా లోపలికి దిగుతాయి. ఈయన లాగారు. చొక్కా చిరిగింది, మోచేతి మీద మూడు గీతలు పడ్డాయి. గైడ్ వచ్చి భుజాలు పట్టుకుని ఒక అడుగు వెనక్కి నడిపించాడు. ముళ్లు వాటంతటవే వదిలాయి. పేము చెట్టెక్కడం కోసమే ఆ కొరడా పెంచుకుంటుందట, పక్క చెట్టుకు గుచ్చి పైకి పాకుతుంది.

ఇంకొంచెం ముందు గోడల్లాంటి వేళ్లున్న మహావృక్షం. గైడ్ ఒక కర్రతో ఆ వేరు గోడ మీద కొట్టాడు, ధమ్మని డప్పు మోగినట్టు అడవంతా వినబడింది. తప్పిపోయినవాళ్లు ఇలా కొట్టి జాడ చెబుతారు. ఇక మావాడిని అక్కణ్ణుంచి కదిలించడం కష్టమైంది.

అత్తయ్య తెప్ప దాకా వచ్చి, కూర్చోవడానికి వేసిన వెదురు పలకను చేత్తో నొక్కి చూసి ఎక్కారు. నీళ్లు పలకల సందుల్లోంచి పైకొచ్చి చీర అంచు తడిపాయి. గుహలో గబ్బిలాల పెంట వాసన ముందే పలకరిస్తుంది. టార్చి వేస్తే పైనుంచి వేలాడే రాళ్లు, గోడ మీద మడతలు మడతలుగా జారిన రాయి, కొన్నిచోట్ల పగడాల్లా గుత్తులు. వెలుగు పడ్డచోట చక్కెర చల్లినట్టు మిలమిల. తాకవద్దన్నాడు గైడ్. చేతి జిడ్డు అంటితే ఆ చోట రాయి పెరగడం ఆగిపోతుందట. జర్మన్ పెద్దాయన టార్చి గోడ మీదికి తిప్పగానే అరచెయ్యంత సాలీడు కనబడింది. ఆ తర్వాత గుహ గురించి నాకు పెద్దగా గుర్తులేదు. నా చూపంతా గోడ మీదే ఉండిపోయింది.

తిరిగి రేవుకు వచ్చాక పడవవాడికి, గైడ్‌కి తలా కొంత ఇచ్చాం. అడగరు, అడిగినట్టు కూడా నిలబడరు. ఇస్తే రెండు చేతులతో తీసుకుంటారు. మనమూ కుడిచేత్తో, కొంచెం వంగి ఇస్తే మర్యాదగా ఉంటుంది.

సోమవారం, తకువా పా

ఆదివారం తిరుగుదారిలో వ్యాన్ తకువా పా పాత వీధిలో కాసేపు ఆగింది. వారానికోసారి జరిగే సంత. ఒకప్పుడు తగరం గనులతో బతికిన ఊరు, ఆ డబ్బుతో చైనా వ్యాపారులు కట్టుకున్న రెండంతస్తుల ఇళ్లు ఇంకా ఉన్నాయి. అంతకు చాలా ముందే మన తీరం నుంచి వ్యాపారులు ఇక్కడికొచ్చారు. 9వ శతాబ్దం నాటి తమిళ శాసనం, విష్ణువు విగ్రహం ఈ ప్రాంతంలోనే దొరికాయి. పెసరపప్పు పూర్ణం పెట్టి కాల్చిన చిన్న బిళ్లలు అమ్ముతుంటే అత్తయ్య చెయ్యి చాచారు. కొన్నిట్లో పంది కొవ్వు కలుపుతారు, అడిగి కొనమన్నాడు గైడ్. అడిగే టైమ్ లేకపోయింది.

ఆ బిళ్లల కోసమే సోమవారం కారు అద్దెకు తీసుకుని మళ్లీ బయల్దేరాం. మ్యాపు మమ్మల్ని ఊళ్లోకి కాకుండా రబ్బరు తోటల్లోకి తీసుకెళ్లింది. వరసగా గాట్లు పెట్టిన చెట్లు, దండేల మీద బట్టల్లా ఆరేసిన రబ్బరు రేకులు, పులిసిన వాసన. చివరికి నది మీద ఒక సన్నటి ఇనుప వంతెన దగ్గర దారి ఆగింది. గనుల్లో తగరం తవ్విన పాత యంత్రాల ఇనుముతో కట్టారట దాన్ని. మోటార్‌సైకిళ్లు మాత్రమే పడతాయి. ఎదురుగా ఒక పెద్దాయన బండి మీద వచ్చి, మేం రివర్స్ చేసుకునేదాకా హారన్ కొట్టకుండా ఆగాడు. ఫోన్‌లో బిళ్లల ఫొటో చూపిస్తే "ఓ" అని నవ్వి, తన దారి మానుకుని మాకు ముందు నడిచాడు. ఊళ్లో కొట్టు ముందు బండి ఆపి, లోపలికి కేకేసి, మేం దిగేలోపే వెళ్లిపోయాడు.

కొట్టావిడకు ఫోన్‌లో తర్జుమా చేసి కొవ్వు సంగతి అడిగాం. ఆవిడ ఒక పళ్లెం దూరంగా తోసి, ఇంకో పళ్లెం ముందుకు లాగి, నూనె సీసా ఎత్తి చూపించింది. పైపొర పొడిపొడిగా రాలుతుంది, లోపల తీపి, చివర్న కాస్త ఉప్పు. డబ్బా 60 బాట్లు. అత్తయ్య మూడు కట్టించారు. హోటల్ చేరేసరికి ఒకటే మిగిలింది.